గండిని మడతపెట్టడం: మారుమూల చోటు నుంచి ఆర్టిస్ట్ బుక్ దాకా

మొదటిసారి గండికోట వెళ్లొచ్చాక నేను చేసిన పుస్తకం ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఎవరికీ చూపించను. ఫోటోలు బాగున్నాయి, కాగితం ఖరీదైనది, కుట్టు నీటుగా వచ్చింది. కానీ పెన్నా గండి మొత్తాన్ని రెండు పేజీల మీద పరిచాను. తెరిచి చూస్తే గండి నడిమధ్య భాగం సరిగ్గా కుట్టులోకి పోయింది. లోతు కనపడాల్సిన చోట దారం కనపడుతోంది. అంత కష్టపడి చేసింది ఫోటో ఆల్బమే అని అప్పుడు తెలిసింది.

ఆర్టిస్ట్ బుక్ అంటే బొమ్మలున్న పుస్తకం కాదు. పుస్తకమే బొమ్మ. కాగితం, మడత, కుట్టు, తెరుచుకునే తీరు, ఇవన్నీ విషయం చెప్పాలి. ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. తాటాకు గ్రంథాల్లో ఆకు ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉంటే పంక్తి అంత సాగింది, తాడు కోసం చిల్లు ఉన్నచోట అక్షరం పక్కకు జరిగింది. చేరియాల పటమైతే, అంటే కథంతా బొమ్మలుగా వేసిన పొడుగు చుట్ట, కథకుడు పాడుతున్నకొద్దీ ఒక్కో గడీ విప్పుకుంటుంది, తర్వాతి గడిలో ఏముందో వినేవాడికి ముందే తెలియదు. మీరు మారుమూల చోటుకి వెళ్లి పుస్తకం చేయాలనుకుంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఈ చోటు ఎలా తెరుచుకుంటుంది?

నేను రెండోసారి చేసిన గండికోట పుస్తకాన్నే ఉదాహరణగా పెట్టుకుని మొత్తం పని చెబుతాను. మీ చోటు పులికాట్ కావచ్చు, నల్లమల కావచ్చు, స్పితి కావచ్చు. కొలతలు మారతాయి, పద్ధతి ఇదే.

చోటు, రోజులు

రెసిడెన్సీ అంటే ఒక సంస్థ మీకు కొన్నాళ్లు ఉండడానికి గది, పని చేసుకోవడానికి జాగా ఇవ్వడం. కొన్ని ఖర్చులు కూడా ఇస్తాయి, చాలావాటికి మనమే కట్టాలి. దరఖాస్తు చేసేముందు మూడు విషయాలు తప్పకుండా అడగండి: పని బల్ల ఎంత పెద్దది, దగ్గర్లో కాగితం దొరుకుతుందా, ఒంటరిగా ఎంత దూరం తిరగనిస్తారు. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పుస్తకం రూపాన్నే మార్చేస్తుంది. స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ కళాకారుల్ని ఓడలో తీసుకెళ్లే రెసిడెన్సీ ఒకటుంది. అక్కడ ఒడ్డుకు దిగితే తుపాకీ పట్టుకున్న గైడ్లను వదిలి పోకూడదు, ధ్రువపు ఎలుగుబంట్లుంటాయి. అలాంటిచోట గంటలకొద్దీ కూర్చుని రంగులు వేయడం కుదరదు. జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్సిలు, అంతే. ఉత్తర ఐస్‌లాండ్‌లో స్కాగాస్ట్రోండ్ అనే చేపల రేవులో ఇంకో రెసిడెన్సీ ఉంది. జూన్ నెలలో అక్కడ రాత్రిళ్లు చీకటే పడదు. పగలు, రాత్రి అని పేజీలు విడదీసే పుస్తకం అక్కడ పనిచేయదు.

ఏ సంస్థా పిలవకపోతే మీరే రెసిడెన్సీ పెట్టుకోండి. పది రోజులు, ఒకే చోటు, ఫోను రోజుకు ఒక్కసారి. గండికోటలో పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ ఉంది, జమ్మలమడుగు కూడా దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. ఏప్రిల్‌లో వెళితే రంగు కుంచె మీదే ఎండిపోతుంది, మీరూ ఎండిపోతారు.

పది చోట్లకు ఒక్కోసారి పోవడం కన్నా ఒకే చోటుకు పదిసార్లు పోవడం మేలని నా నమ్మకం. అమెరికన్ కళాకారిణి రోనీ హార్న్ 1975 నుంచి ఐస్‌లాండ్‌కి వెళుతూనే ఉంది, 1990 నుంచి ఆ ఒక్క దేశం మీదే వరసగా పుస్తకాలు వేస్తూ వచ్చింది. మనకు అంత తీరిక లేదు, సరే. కనీసం రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి చూడ్డానికి, రెండోసారి తప్పు దిద్దుకోవడానికి.

సంచిలో ఏముండాలి

తక్కువే. 2బి, 6బి పెన్సిళ్లు, నీళ్లు నింపుకునే కుంచె, చిన్న రంగుల డబ్బా, ఒక కొలత టేపు. పుస్తకం బదులు పొడుగు కాగితం ముక్కలు ఒక క్లిప్పు అట్టకు పట్టించుకుని పోండి. ముందే పుస్తకం రూపంలో ఉన్నది పట్టుకుపోతే మీ బొమ్మలన్నీ ఆ పేజీ ఆకారానికే లొంగిపోతాయి. ఇవి కాక రెండు మూతలున్న డబ్బాలు, ఓ పాత నూలుగుడ్డ. అవెందుకో కింద చెబుతాను.

మొదటి మూడు రోజులు బొమ్మ గీయొద్దు

కష్టంగానే ఉంటుంది. కానీ మొదటి రోజు గీసేవన్నీ మనం ఇంటర్నెట్‌లో చూసి వచ్చిన బొమ్మలే. జామా మసీదు దాటి, రంగనాథస్వామి గుడి పక్కగా రాళ్లెక్కి అంచుకు చేరితే అందరూ ఫోటో తీసే చోటు వస్తుంది. మీరూ ఓ ఫోటో తీసేసుకుని, ఆ కోరిక తీర్చేసుకుని, ఇక నడవండి.

నడుస్తూ మూడే మూడు విషయాలు రాసుకోండి: ఎన్ని అడుగులు వేశాక ఆగారు, ఎందుకు ఆగారు, ఆగినప్పుడు తల ఎటు తిప్పారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే దారి. కోట పెన్నాకి దక్షిణపు ఒడ్డున ఉంది కాబట్టి మీరు ఉత్తరం వైపు చూస్తుంటారు. చలికాలంలో ఎదుటి గోడ మీద ఎండ చాలాసేపు ఉంటుంది, మీ కాళ్ల కింది గోడ మాత్రం నీడలోనే ఉండిపోతుంది. ఎదుటి గోడలో రాయి పలకలు పలకలుగా, కాగితాలు బొత్తి పెట్టినట్టు కనిపిస్తుంది. ఇది క్వార్ట్‌జైట్, అంటే కోట్ల ఏళ్ల కిందటి ప్రొటెరోజోయిక్ కాలంలో పొరలుగా పరుచుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. భూగర్భ శాస్త్రంలో ఈ పొరకు పేరే గండికోట క్వార్ట్‌జైట్.

నాలుగో రోజు పొద్దున నేను అంచున కూర్చుని ఉంటే మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగాడు.

"ఏం జేస్తాండావు సామీ?"

"గండిని గీద్దామని."

"ఏ గండిని? యాడ నిలబడితే ఆడికి వేరే గండి కదా."

ఆయన మేకల వెనక వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటే నా పుస్తకానికి నిర్మాణం అయింది. ఎలాగో ముందుకు వెళ్లాక చెబుతాను.

పోగేయడం: ఏది తెచ్చుకోవచ్చు, ఏది తాకకూడదు

కోట రక్షిత కట్టడం. లోపలి నుంచి రాయి ముక్క కూడా తేకండి. చెక్కడాల మీద కాగితం పెట్టి రుద్దడం, శాసనాల మీద సిరా అద్దడం అనుమతి లేకుండా చేసే పనులు కావు. కోట బయట, ఊరి దారి పక్కన పిడికెడు ఎర్రమన్ను చాలు. అదే మన రంగు.

మన్నును మగ్గులో నీళ్లు పోసి బాగా కలిపి అర నిమిషం ఆగండి. ఇసుక అడుక్కి చేరుతుంది. పైనున్న ఎర్రనీళ్లను గుడ్డలో వడకట్టి డబ్బాలోకి వంచి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి రంగు అడుగున పేరుకుంటుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. నీళ్లు పారబోసి ఆ ముద్దను పళ్లెంలో ఆరబెట్టండి. ఇంటికొచ్చాక తుమ్మబంక ఒక వంతుకు వేడినీళ్లు రెండు వంతులు పోసి, రాత్రంతా నానబెట్టి వడకట్టండి. ఆ జిగురుతో రంగుపొడిని గాజుపలక మీద ఓపిగ్గా నూరాలి. రెండు చుక్కలు తేనె వేస్తే ఎండాక పగలదు, ఒక చుక్క లవంగనూనె వేస్తే బూజు పట్టదు. నూరడం తక్కువైతే కాగితం మీద గరుకుగా తగులుతుంది. నాకైతే ఆ గరుకు నచ్చింది, కొంచెం అలాగే వదిలేశాను.

మాటలు కూడా పోగేయండి. రాళ్లకు, వాగులకు, గాలులకు ఆ ఊరివాళ్లు ఏమంటారో అడగండి. ఒక మనిషి చెప్పిన మాటను పుస్తకంలో వాడతామని ఆ మనిషికి చెప్పడం మర్యాద. పేరు వేయమంటారో వద్దంటారో కూడా వాళ్లనే అడగండి. మేకలాయన నవ్వి వద్దన్నాడు.

రూపం దొరకడం

ఇక్కడ తొందరపడితే నా మొదటి పుస్తకంలా అవుతుంది. నడక నోట్సు ముందు పెట్టుకుని చదవండి. మీ శరీరం ఆ చోట ఎక్కువగా ఏం చేసింది? గుండ్రంగా తిరిగిందా, దిగిందా, ఎక్కువసేపు కూర్చుందా? బేలం గుహల్లోకి పోయినవాళ్లకు లోపలికి, ఇంకా లోపలికి వెళ్లే పుస్తకం కావాలి. పేజీలో చిల్లు, ఆ చిల్లులోంచి పక్క పేజీ, అందులో ఇంకో చిల్లు. పులికాట్ లాంటి చదునైన నీటి చోటుకు మడతే లేని పొడుగు చుట్ట బాగుంటుంది. నల్లమల అడవిలో చెట్ల వెనక చెట్లు కనిపిస్తాయి కాబట్టి పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి.

గండికి మాత్రం అకార్డియన్ మడతే. కిందికీ పైకీ మడిచిన ఒకే పొడుగు కాగితం. ఇంగ్లీషులో ఈ మడతలకు వేరే పేర్లున్నాయి గానీ నేను గట్టు మడత, గండి మడత అంటాను. పైకి లేచేది గట్టు, లోపలికి దిగేది గండి.

అయితే అకార్డియన్‌లో చాలామంది వాడుకోని గుణం ఒకటుంది. రెండు మడతల మధ్య ఉండే ఒక్కో పేజీని ముఖం అందాం. దాన్ని బల్ల మీద నిలబెట్టి ఎడమవైపు నుంచి చూస్తే సరి ముఖాలే కనిపిస్తాయి. కుడివైపుకు జరిగితే బేసి ముఖాలు కనిపిస్తాయి. యాడ నిలబడితే ఆడికి వేరే గండి! అందుకే బేసి ముఖాల మీద ఉదయపు గండి, సరి ముఖాల మీద సాయంత్రపు గండి పెట్టాను. అదే బొమ్మ, తొమ్మిది ముక్కలుగా కోసి, ఒకసారి ఎర్రమన్ను రంగులో, ఒకసారి నీలం కలిసిన నలుపులో. పూర్తిగా సాపుగా పరిస్తే ప్రతి ముక్కా రెండుసార్లు వచ్చి నత్తిగా మాట్లాడినట్టుంటుంది. చూసేవాడు లేచి బల్ల చుట్టూ నడిస్తేనే గండి కుదురుకుంటుంది.

మచ్చు పుస్తకం

మంచి కాగితం జోలికి పోకముందు పాత క్యాలెండరు కాగితంతో అసలు కొలతలోనే మచ్చు చేయండి. నా కొలతలివి: ఒక్కో ముఖం 12 సెం.మీ. వెడల్పు, 21 సెం.మీ. ఎత్తు, మొత్తం 18 ముఖాలు. మచ్చుని ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చి మాట్లాడకుండా పక్కన నిలబడండి. ఎక్కడ తెరవాలో తడుముకుంటున్నారా, నిలబెడుతున్నారా, పడుకోబెట్టే చూస్తున్నారా? మా అమ్మ దాన్ని విసనకర్ర అనుకుంది. దాంతో నిలబెట్టడానికి వీలుగా అట్టలు బరువైనవి పెట్టాలని తేలింది.

కాగితం వాలు

కాగితంలో నార ఒకవైపుకు వాలి ఉంటుంది. ప్రెస్సువాళ్లు గ్రెయిన్ అంటారు. వాలు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగుళ్లొచ్చి తెల్లటి నార బయటపడుతుంది. తెలుసుకోవడం తేలిక: కాగితాన్ని కోయకుండా రెండువైపులా మెల్లగా వంచి చూడండి, తక్కువ ఎదురుతిరిగిన వంపు వాలు వెంబడి వంపు. చేతితో తయారైన కాగితానికి ఈ బాధ దాదాపు ఉండదు. పాండిచ్చేరిలోనూ జైపూర్ పక్కన సాంగనేర్‌లోనూ చేసేవి బాగుంటాయి. 180, 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మధ్య తీసుకోండి. 300 అంటే బరువు చూసి ముచ్చటపడతాం గానీ, 18 ముఖాలు మడిచేసరికి పుస్తకం మూసుకోదు.

56 బై 76 సెం.మీ. షీటులో 21 సెం.మీ. ఎత్తున్న పట్టీలు రెండు వస్తాయి. ఒక్కో పట్టీలో ఆరు ముఖాలు, అంటే 72 సెం.మీ., చివర అతికించడానికి 2 సెం.మీ. నాలుక. పుస్తకానికి మూడు పట్టీలు చాలు, రెండు షీట్లలో నాలుగు వస్తాయి. నాలుగోది చేయి తప్పడానికి. తప్పుతుంది. మూడో పట్టీకి నాలుక అక్కర్లేదు, అక్కడ 72 దగ్గరే కోసేయండి. వాలు మాత్రం 21 సెం.మీ. వైపుకే ఉండాలి.

బొమ్మ అచ్చు వేయడం

ఒకే ప్రతి అయితే చేత్తో గీసేయండి. నేను పన్నెండు ప్రతులు చేయాలనుకున్నాను కాబట్టి లినో చెక్కాను, అంటే మెత్తటి లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి అచ్చు తీయడం. పొరలు పొరలుగా ఉన్న రాయికి లినో గీత బాగా నప్పుతుంది. 11.4 బై 20 సెం.మీ. దిమ్మెలు తొమ్మిది. ముఖం చుట్టూ మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల తెల్లజాగా మిగులుతుంది. దానివల్ల రంగు మడత మీదకు రాదు, పగలదు.

ఒక జాగ్రత్త. లినోలో అచ్చు తిరగబడుతుంది. 102.6 సెం.మీ. పొడవున పూర్తి బొమ్మ గీసి, ట్రేసింగ్ కాగితం మీద తిరగేసి, అప్పుడే దిమ్మెలకు ఎక్కించండి. నేను మొదటి దిమ్మె మరచిపోయి నేరుగా చెక్కేశాను. అచ్చు తీస్తే పెన్నా వెనక్కి తిరిగి కర్ణాటకకు పోతోంది.

మొత్తం పట్టీ సాపుగా ఉన్నప్పుడే అచ్చు వేయాలి, మడతలు తర్వాత. మడత వచ్చేచోట్ల పైనా కిందా పెన్సిలుతో చిన్న గుర్తులు పెట్టుకోండి. ఒకటో దిమ్మె ఒకటి, రెండు ముఖాల మీద, రెండోది మూడు, నాలుగు ముఖాల మీద, అలా. నూనె సిరా అయితే మూడు నాలుగు రోజులు తీగ మీద ఆరనివ్వండి. ఎర్రమన్ను రంగు దిమ్మె మీద సరిగా నిలవదు. అందుకని ఉదయపు ముఖాలను లేత గోధుమరంగు సిరాతో అచ్చు వేసి, పైన కుంచెతో మన్ను రంగు అద్దాను. ప్రతి ప్రతీ కొంచెం వేరుగా వచ్చింది. దాన్ని తప్పుగా అనుకోలేదు.

వెనకవైపు 16 ముఖాలు ఖాళీగా ఉంటాయి, మొదటిదీ చివరిదీ అట్టకు అతుక్కుపోతాయి కాబట్టి. వాటి మీద నడక లెక్కలు, పోగేసిన మాటలు చేత్తో రాయండి. నాలుకలు వచ్చే 2 సెం.మీ. వదిలేయండి.

మడత, అతుకు

స్కేలుతో ఒక్కో ముఖం కొలుచుకుంటూ పోతే అరమిల్లీ తప్పు పద్దెనిమిదో ముఖం దగ్గరికి తొమ్మిది మిల్లీలవుతుంది. దళసరి అట్టతో సరిగ్గా 12 సెం.మీ. మచ్చు ముక్క కోసుకుని, ప్రతి ముఖానికీ దాన్నే ఆనించి గీత పెట్టండి. గీతకు రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ను సరిపోతుంది. కాగితం కోసుకుపోకుండా గాడి మాత్రమే పడాలి. తర్వాత ఒక గండి, ఒక గట్టు చొప్పున మడిచి, స్టీలు చెంచా వెనకభాగంతో నొక్కండి. చెంచాకీ బొమ్మకీ మధ్య ఒక తెల్లకాగితం పెట్టండి, లేకపోతే సిరా మెరుపెక్కుతుంది.

నాలుకను ముందు పట్టీ ఆఖరి మడత దగ్గరే మడిచి, తర్వాతి పట్టీ మొదటి ముఖం వెనక అతికించాలి. అతుకు మడతలో దాక్కుంటుంది. దీనికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, చాలా పల్చగా.

అట్టలు

అట్టకు గుడ్డ అతికించడానికి మాత్రం మైదా జిగురే నాకిష్టం. అది నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి గుడ్డను సర్దుకోవచ్చు. కప్పు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండల్లేకుండా కలిపి, సన్నమంట మీద తిప్పుతూ గాజులా మెరిసేదాకా ఉడికించి, చల్లార్చి వడకట్టండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పైగా కాలక్రమంలో కాగితానికి కూడా మంచిది కాదు, వద్దు. రెండు రోజుల్లో వాడేసి మిగిలింది పారేయండి.

రెండున్నర మిల్లీల గ్రే బోర్డు (బైండర్లు వాడే దళసరి అట్ట), 12.4 బై 21.6 సెం.మీ. ముక్కలు రెండు. బైండింగ్ గుడ్డ చుట్టూ ఒకటిన్నర సెం.మీ. ఎక్కువ ఉండేలా 15.4 బై 24.6. జిగురు గుడ్డకు రాసి అట్టను నడిమధ్య పెట్టండి. మూలల్ని ఏటవాలుగా కోయండి. కోత అట్ట మూలకు మరీ దగ్గరైతే అట్ట బయటికి తొంగిచూస్తుంది, నాలుగు మిల్లీలు వదలాలి. ముందు పొడుగు అంచులు, తర్వాత పొట్టి అంచులు లోపలికి తిప్పి, పుస్తకం మొదటి ముఖాన్నీ చివరి ముఖాన్నీ అట్టల లోపలివైపు అతికించండి. ఇలా రెండువైపులా జిగురు పడటం మంచిదే, ఒకవైపే పడితే అట్ట బొప్పికట్టినట్టు వంగుతుంది.

బరువు పెట్టడానికి బైండింగ్ ప్రెస్సు కొనక్కర్లేదు. ఆ జిల్లా కడప బండ ముక్కలు రెండు చాలు, నున్నగా, బరువుగా, సాపుగా ఉంటాయి. పుస్తకానికి అటూ ఇటూ తెల్లకాగితాలు పెట్టి బండల మధ్య రెండు రాత్రులుంచండి. మొదటి రోజు కాగితాలు రెండుసార్లు మార్చండి. న్యూస్‌పేపరు పెట్టొద్దు, తెల్లారేసరికి రాజకీయాలు మీ అట్టలోపలికి ఎక్కుతాయి.

చివరి పేజీ, ప్రతులు

ఎక్కడ, ఏ నెలలో, ఏ కాగితం, ఏ మన్ను, ఎన్ని ప్రతులు: ఇవి వెనకవైపు, అట్టకు అతుక్కోని చివరి ముఖం మీద పెన్సిలుతో రాయండి. 3/12 అంటే పన్నెండింటిలో మూడోది. సంతకం అక్కడే. ధర విషయంలో పెద్ద సూత్రాలేం లేవు. ముడి సరుకు, పని గంటలు లెక్కేసి, సిగ్గుపడకుండా చెప్పండి. రెసిడెన్సీలో చేసి ఉంటే ఒక ప్రతి వాళ్లకు ఇవ్వాలని ఒప్పందంలో ఉందో లేదో ముందే చూసుకోండి.

పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, తేమ పట్టేస్తుంది. ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి పడుకోబెట్టి దాచండి, వానాకాలంలో నెలకోసారి విప్పి గాలి తగలనివ్వండి. నేను రెండో ప్రతిని గండికోటకే పట్టుకెళ్లాను. మేకలాయన దాన్ని గోడ మీద నిలబెట్టి ఎడమకూ కుడికీ నాలుగుసార్లు తిరిగాడు. ఆరో ముఖం దగ్గర వేలు పెట్టి, "ఈడ ఒక మర్రి ఉండాల గదా సామీ, యాడ పోయింది?" అన్నాడు. మూడో దిమ్మె మళ్లీ చెక్కుతున్నాను.